ఊరు ఎంత పెద్దదని కాదు, ఊరి ముందు ఎంత ఖాళీ ఉందో చూడండి: అమెరికా స్కైలైన్ల గురించి ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్ జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. లాస్ ఏంజెలిస్ వెళ్లినప్పుడు "ఇంత పెద్ద ఊరికి స్కైలైన్ (దూరం నుంచి ఆకాశం ముందు కనిపించే భవనాల వరుస) ఇంతేనా" అనిపించింది. పిట్స్‌బర్గ్ అంతకంటే ఎంతో చిన్న ఊరు. అక్కడ వెంకటేశ్వర స్వామి గుడికని వెళ్తే, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలో ఊరు కనిపించగానే నోట మాట రాలేదు. ఈ వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లకి ఏ ఊరు చూపించాలి, ఏది చూస్తే ఉసూరుమంటారు, అసలు ఇంత తేడా ఎందుకు అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఒక్క ఊరే చూపించగలిగితే షికాగో. రెండో ఊరికి వీలుంటే న్యూయార్క్, అదీ మాన్‌హాటన్‌లో తిరిగి కాదు, నీటి అవతలి ఒడ్డు నుంచి. ఖర్చు తక్కువ, తృప్తి ఎక్కువ కావాలంటే మళ్లీ పిట్స్‌బర్గే. సియాటిల్ కూడా అద్భుతమే, కానీ మబ్బు లేని రోజు దొరకాలి. కేవలం స్కైలైన్ కోసమైతే ఫీనిక్స్, శాన్ హోసే వెళ్లొద్దు. లాస్ ఏంజెలిస్ వెళ్లండి, కానీ వేరే వాటి కోసం.

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. పందొమ్మిదేళ్లుగా ఎత్తైన భవనాల డిజైన్‌లోనే ఉన్నాను. మొదట హ్యూస్టన్, తర్వాత కొన్నాళ్లు ఫీనిక్స్, ఇప్పుడు పదకొండేళ్లుగా షికాగో. పని మీద ఏ ఊరు వెళ్లినా సాయంత్రం ఒక గంట మిగుల్చుకుని, ఆ ఊరు ఎక్కడినుంచి బాగా కనిపిస్తుందో అక్కడికి వెళ్లి నిలబడతాను. కింద రాసేదంతా అలా చూసిందే.

స్కైలైన్ గొప్పతనంలో సగం భవనాల ఎత్తులో ఉంటుంది. మిగతా సగం వాటికి ఎదురుగా ఉన్న ఖాళీలో ఉంటుంది.

ఒక చిన్న పని చేసి చూడండి. చేయి పూర్తిగా చాపి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు మన కంటికి సుమారు 10 డిగ్రీలు. 1,000 అడుగుల భవనాన్ని ఒక మైలు దూరంలో నిలబడి చూస్తే దాదాపు ఆ పిడికిలంత కనిపిస్తుంది. అదే భవనం ఐదారు మైళ్ల దూరం నుంచి మీ బొటనవేలి వెడల్పంతే. పోనీ అని కిందకే వెళ్లి నిలబడితే పక్క భవనాలు అడ్డం వచ్చి పై సగం కనిపించదు. అంటే ఒక ఊరు మనసుకి పట్టాలంటే మైలు, రెండు మైళ్ల దూరంలో మనం నిలబడే చోటు ఉండాలి, మధ్యలో అడ్డం ఏమీ ఉండకూడదు. అలాంటి ఖాళీని ఎవరూ కావాలని వదలరు. సరస్సో, నదో, సముద్రపు పాయో, ఏటవాలు కొండో ఉంటే తప్ప అది మిగలదు.

ఇప్పుడు లాస్ ఏంజెలిస్ చూడండి. మీరు గ్రిఫిత్ అబ్జర్వేటరీ నుంచి చూశానని రాశారు. అక్కడినుంచి డౌన్‌టౌన్, అంటే ఊరి నడిబొడ్డు, ఐదారు మైళ్లు. యూఎస్ బ్యాంక్ టవర్ ఎత్తు 1,018 అడుగులు, ఏ లెక్కన చూసినా పెద్ద భవనమే. కానీ మీకు కనిపించింది బొటనవేలి వెడల్పంత. చుట్టూ కనుచూపు మేర చదునైన ఊరు, దాని మధ్యలో చిన్న గుత్తి. వెనక శాన్ గేబ్రియల్ కొండలు. వాటిలో బాల్డీ శిఖరం 10,000 అడుగులు దాటుతుంది. అంత కొండ ముందు ఏ భవనమైనా బొమ్మలాగే ఉంటుంది.

దానికి తోడు చరిత్ర. 20వ శతాబ్దం మొదట్లో పెట్టిన 150 అడుగుల ఎత్తు పరిమితి అక్కడ 1957 దాకా నడిచింది. 1928లో కట్టిన సిటీ హాల్ ఒక్కదానికే మినహాయింపు, దాని ఎత్తు 454 అడుగులు. భూకంపాల భయంతో ఆ పరిమితి పెట్టారని చాలామంది అనుకుంటారు. ముఖ్య ఉద్దేశం అది కాదు, ఊరు మాన్‌హాటన్‌లా ఇరుకైపోకూడదని. షికాగో, న్యూయార్క్ ఆకాశం వైపు పెరిగిన దశాబ్దాల్లో లాస్ ఏంజెలిస్ కార్లతో పక్కలకి పెరిగింది. ఆఫీసులు సెంచరీ సిటీకి, విల్‌షైర్ రోడ్డు పొడవునా చెదిరిపోయాయి. పరిమితి ఎత్తేసేసరికి డౌన్‌టౌన్ ఒక్కటే కేంద్రం అనే పరిస్థితి లేదు.

ఇంకోటి మీరు గమనించారో లేదో, అక్కడి భవనాల తలలన్నీ నున్నగా కోసేసినట్టు చదునుగా ఉంటాయి. 1974 నుంచి 2014 వరకు ఎత్తైన భవనం కడితే పైన హెలికాప్టర్ దిగేందుకు చోటు ఉండాలని అక్కడి అగ్నిమాపక శాఖ నిబంధన. నలభై ఏళ్లలో కట్టినవన్నీ అందుకే అలా ఉన్నాయి. 2017లో పూర్తయిన విల్‌షైర్ గ్రాండ్ భవనానికి దాన్నుంచి సడలింపు దొరికింది. దాని ఒంపు తిరిగిన తల, పైన సూది చూస్తే అంతకుముందు ఆ ఊరికి ఏం తక్కువైందో తెలుస్తుంది. గోపురానికి కలశం లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది.

మరి ఫోటోల్లో మంచు కొండల ముందు అంత గొప్పగా ఎలా కనిపిస్తుంది? అవి నైరుతి దిక్కున బాల్డ్‌విన్ హిల్స్ మీదనుంచి, చలికాలంలో వాన వెలిసిన మర్నాడు, పెద్ద టెలిఫోటో లెన్సుతో తీసినవి. ఆ లెన్సు దూరాన్ని నొక్కేసి కొండల్ని భవనాల వీపుకి అతికించినట్టు చూపిస్తుంది. ఫోటో అబద్ధం కాదు, కానీ మన కళ్లకి ఆ లెన్సు లేదు. ఏ ఊరికైనా ఫోటో చూసి టికెట్ కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. సగం నిరాశలు ఇక్కడే పుడతాయి.

పిట్స్‌బర్గ్ దీనికి పూర్తిగా తలకిందులు. 2020 లెక్కల్లో ఊరి జనాభా మూడు లక్షల చిల్లర. అలెగెనీ, మొనంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే కొస మీద డౌన్‌టౌన్ ఉంది. పక్కకి జరిగేందుకు చోటు లేదు కాబట్టి భవనాలన్నీ ఒకచోటే గుమిగూడాయి. నదికి ఇవతల మౌంట్ వాషింగ్టన్ అనే కొండ దాదాపు 400 అడుగులు నిలువుగా లేస్తుంది. దాని అంచున నిలబడితే ఊరు మైలు దూరంలో, కాళ్ల నుంచి తల దాకా కనిపిస్తుంది. చాలా ఊళ్లలో భవనాల పై సగమే చూస్తాం. ఇక్కడ అవి నేల మీద ఎక్కడ నిలబడ్డాయో, వంతెనలు ఎటు పోతున్నాయో అన్నీ కంటికి ఆనతాయి.

ఆరేళ్ల క్రితం మా నాన్నగారిని తీసుకెళ్లాను. మాది రాజమండ్రి. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కొండ ఎక్కలేరు. 1877 నుంచి నడుస్తున్న డ్యూకేన్ ఇంక్లైన్ అనే తాడుబండి ఎక్కించాను. పైకి వెళ్లాక ఆయన భవనాల్ని చూడలేదు, ముందు నీళ్లు చూశారు. "ఇది సంగమం కదరా" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. అంతకుముందు వారం న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ చూపిస్తే "జనం ఎక్కువ" అని ఒక్క మాటతో సరిపెట్టిన మనిషి ఆయన.

అక్కడ ముదురు గోధుమరంగులో తుప్పు పట్టినట్టు కనిపించే అతిపెద్ద భవనం యూఎస్ స్టీల్ టవర్, 841 అడుగులు. ఆ రంగు నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. కార్‌టెన్ అనే ఉక్కుతో కట్టారు. పైన పట్టిన తుప్పు పొరే లోపలి ఉక్కుని కాపాడుతుంది, రంగు వేయక్కర్లేదు. బయటి స్తంభాలు బోలుగా ఉంటాయి, వాటి నిండా నీళ్లు, యాంటీఫ్రీజ్ కలిపిన ద్రవం. అగ్నిప్రమాదం జరిగితే ఉక్కు మెత్తబడకుండా వేడిని అది లాగేసుకుంటుంది. ఉక్కు కంపెనీ తన సరుకు ఏం చేయగలదో ఊరంతటికీ చూపించుకున్న భవనం అది. దానికి కొద్ది దూరంలో పీపీజీ ప్లేస్, అద్దాల కంపెనీది, నిండా అద్దాలు, కోట బురుజుల్లాంటి మొనలు. ఊరు ఏం చేసి బతికిందో స్కైలైన్‌లోనే రాసి ఉంటుంది.

షికాగోని మొదట ఎందుకు పెట్టానో చెబుతాను. ఇక్కడే ఉంటాడు కాబట్టి అంటున్నాడని మీకు అనిపించవచ్చు. కానీ హ్యూస్టన్‌లో ఉన్నప్పుడే, ఒక చలికాలం ఉదయం పని మీద వచ్చి ఆడ్లర్ ప్లానెటేరియం దగ్గర నిలబడ్డప్పుడే నాకీ అభిప్రాయం స్థిరపడింది.

అది సరస్సులోకి చొచ్చుకెళ్లిన నేల. అక్కడినుంచి వాయవ్యంగా తిరిగితే ఎడమ చివర విల్లిస్ టవర్ (పాతవాళ్లు ఇప్పటికీ సియర్స్ టవర్ అంటారు), కుడి చివర జాన్ హాంకాక్ సెంటర్ (అది పాత పేరు), మధ్యలో మిగతా ఊరు. రెండు శిఖరాలు, వాటి మధ్య ఎక్కి దిగే వరుస. ముందు నీళ్లు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీ ఊరికే మిగల్లేదు. 1836లో ఊరి పటం గీసినప్పుడే, సరస్సు ఒడ్డున ఉన్న ఆ భాగంలో ఎప్పటికీ ఏ కట్టడమూ రాకూడదని అధికారులు దాని మీద రాశారు. తర్వాత అక్కడ ఏవేవో కట్టబోతుంటే మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి 1890 నుంచి ఇరవై ఏళ్ల పాటు కోర్టుల్లో పోరాడి ఆపించాడు. ఈ రోజు మనం చూసే దృశ్యంలో ఆర్కిటెక్టులకి ఎంత వాటా ఉందో ఆయనకీ అంత ఉంది.

ఇక నా వృత్తి సంగతి. ఆ రెండు చివరి భవనాల వెనక ఉన్న ఇంజినీరు ఒక్కరే, ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. ఎత్తైన భవనానికి అసలు శత్రువు బరువు కాదు, గాలి. 1974లో పూర్తయిన సియర్స్ టవర్‌కి ఆయన వేసిన ఉపాయం: ఒక్కోటి 75 అడుగుల చదరంగా ఉన్న తొమ్మిది గొట్టాల్ని కట్టగా కట్టినట్టు కలిపేయడం. కట్టెపుల్ల ఒక్కటైతే విరుగుతుంది, మోపు విరగదు. పైకి పోయేకొద్దీ గొట్టాలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. 50వ అంతస్తులో రెండు, 66లో రెండు, 90లో మూడు. మిగిలిన రెండే 1,451 అడుగుల పైదాకా వెళ్తాయి. మీరు దూరం నుంచి చూసే ఆ మెట్లమెట్ల ఆకారం అలంకారం కాదు, లెక్క. హాంకాక్‌కైతే బయటే పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లా ఉక్కు బిగింపులు కనిపిస్తాయి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పనిచేసే అస్థిపంజరం అలా బయటికి కనిపించే స్కైలైన్ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

న్యూయార్క్ గురించి ఒక్క హెచ్చరిక. అక్కడ ఎత్తైన భవనాల సంఖ్య ముందు అమెరికాలో ఏ ఊరూ నిలబడదు. వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఒక్కటే 1,776 అడుగులు. అయినా చాలామంది మనవాళ్లు నిరాశపడి వస్తారు, ఎందుకంటే రోజంతా దాని లోపలే తిరుగుతారు. అడవిలో నిలబడితే చెట్లే కనిపిస్తాయి. జెర్సీ సిటీ ఒడ్డుకి సాయంత్రం వెళ్లండి, వాలుతున్న ఎండ మీ వెనకనుంచి మాన్‌హాటన్ మొహం మీద పడుతుంది. బ్రూక్లిన్ వైపు నుంచైతే ఉదయం బాగుంటుంది. పెద్దవాళ్లతో అయితే స్టాటన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కండి. టికెట్ లేదు, పాతిక నిమిషాల ప్రయాణం, కూర్చునే వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు కుడి వైపు కూర్చుంటే లిబర్టీ విగ్రహం కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ముందు వైపుకి మారండి, ఊరు నీళ్లలోంచి లేస్తున్నట్టు దగ్గరకొస్తుంది.

అక్కడ మీకు ఒక విషయంలో నచ్చకపోవచ్చు, నాకూ పూర్తిగా నచ్చదు. సెంట్రల్ పార్కు దక్షిణాన ఈ పదిహేనేళ్లలో లేచిన పెన్సిల్ భవనాలు. 57వ వీధిలో ఒకటి 1,428 అడుగుల ఎత్తు, వెడల్పుకి 24 రెట్లు. ఇంజినీరుగా దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ వీధుల్లోకి వెలుతురు, గాలి రావాలన్న 1916 నిబంధనల వల్ల మెట్లుమెట్లుగా పైకి లేచిన ఎంపైర్ స్టేట్, క్రైస్లర్ భవనాల పక్కన ఇవి గుచ్చిన పుల్లల్లా ఉంటాయి.

తేలిపోయే ఊళ్ల సంగతి. జనాభా లక్షల్లో ఉన్నా భవనాలు పొట్టిగా ఉంటే, ముందు విమానాశ్రయం ఎంత దూరంలో ఉందో చూడండి. శాన్ హోసేలో జనం శాన్ ఫ్రాన్సిస్కో కంటే ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఎక్కువే. కానీ విమానాలు డౌన్‌టౌన్ నెత్తి మీదుగానే దిగుతాయి కాబట్టి అక్కడ 300 అడుగులు దాటిన భవనం లేదు. శాన్ డియేగో డౌన్‌టౌన్‌లో ఇదే కారణంతో 500 అడుగుల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతాయి. అయినా ముందు సముద్రం ఉంది కాబట్టి ఆ ఊరు బతికిపోయింది, కరొనాడో వైపు నుంచి చూడటానికి చాలా బాగుంటుంది. ఫీనిక్స్ జనాభాలో దేశంలో ఐదో పెద్ద నగరం. నేనున్న రోజుల్లో అక్కడ అన్నిటికంటే ఎత్తైన చేజ్ టవర్ 483 అడుగులు, అదీ 1972లో కట్టింది. విమానాశ్రయం డౌన్‌టౌన్‌కి పక్కనే. ఆ చుట్టుపక్కల పని చేస్తుంటే భవనానికే కాదు, దాన్ని కట్టే క్రేన్‌కి కూడా విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏకి ముందే తెలిపి ఒప్పించుకోవాలి. ఒకసారి మా క్రేన్ ఎత్తు లెక్కలో తేడా వచ్చి, కాగితాలు తిరిగి పంపేసరికి నెలన్నర పని ఆగింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. దానికి తోడు నది ఎండిపోయి ఉంటుంది, చుట్టూ చవకైన చదును నేల. పైకి కట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

వాషింగ్టన్‌ని మాత్రం ఈ జాబితాలో కలపొద్దు. అక్కడ ఎత్తు లేకపోవడం చట్టం. 1910 చట్టం ప్రకారం భవనం ఎత్తు ఎదుటి వీధి వెడల్పుని బట్టి ఉంటుంది, మామూలుగా 130 అడుగులకి మించదు. అందుకే 555 అడుగుల వాషింగ్టన్ మాన్యుమెంట్, క్యాపిటల్ గుమ్మటం ఎక్కడినుంచైనా కనిపిస్తాయి. ఊరి నడుమ గుడి గోపురాన్ని మించి ఎవరూ ఇల్లు కట్టుకోనట్టు ఉంటుంది. ఫిలడెల్ఫియాలో ఇలాంటిదే చట్టం లేకుండా నడిచింది. సిటీ హాల్ మీద విలియం పెన్ విగ్రహం ఉంది, 548 అడుగుల ఎత్తున. ఆయన టోపీని మించి కట్టకూడదని ఊరి పెద్దల మధ్య మాట. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ 945 అడుగులు లేచి ఆ మాట దాటింది. తర్వాత స్కైలైన్ బాగా ఎదిగింది, కానీ ఆ విగ్రహం ఇప్పుడు వెతికితే తప్ప కనిపించదు. అది నాకు బాధగానే ఉంటుంది.

మయామీ పొడవుగా ఉంటుంది, రాత్రి దీపాలు నీళ్లలో మెరుస్తాయి, కానీ చాలావరకు ఒకే ఎత్తు అపార్ట్‌మెంట్ల గోడ. అట్లాంటాలో 1,023 అడుగుల మంచి భవనం ఉంది, అయితే డౌన్‌టౌన్, మిడ్‌టౌన్, బక్‌హెడ్ అని మూడు ముక్కలు. హ్యూస్టన్ కూడా అంతే. 1,002 అడుగుల టవర్ డౌన్‌టౌన్‌లో ఉంటే 901 అడుగుల విలియమ్స్ టవర్ మైళ్ల దూరంలో ఒంటరిగా ఉంటుంది. అన్నీ ఒకచోట ఉంటే దేశంలో మూడో స్థానం దానిదే అని నా నమ్మకం. డెట్రాయిట్ బాగా కనిపించేది కెనడా వైపు విండ్సర్ నుంచి, కాబట్టి వీసా కాగితాలు సరిగ్గా ఉంటేనే ఆలోచించండి.

సియాటిల్‌కి కెర్రీ పార్క్ వెళ్తారు కదా, అక్కడ స్పేస్ నీడిల్ అన్నిటికంటే ఎత్తుగా కనిపిస్తుంది. నిజానికి దాని ఎత్తు 605 అడుగులే, వెనకున్న కొలంబియా సెంటర్ 930 పైన. నీడిల్ మనకి దగ్గరగా ఉంది, అంతే. మళ్లీ ఆ పిడికిలి లెక్కే. లాస్ ఏంజెలిస్‌లో కొండలు ఊరిని చిన్నది చేస్తే, ఇక్కడ 14,410 అడుగుల రెయినియర్ ఊరిని పెద్దది చేస్తుంది. అది గోడలా కాకుండా ఒంటరిగా, దూరంగా, పక్కకి ఉంటుంది. జులై, ఆగస్టుల్లో వెళ్తే కనిపించే అవకాశం ఎక్కువ.

ఇక మీరు అడగని విషయం ఒకటి. మీ డల్లాస్‌నే మీరు సరిగ్గా చూసి ఉండరని నా అనుమానం. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండేవాళ్లు ఉత్తరం నుంచి హైవే మీద వస్తారు, అటునుంచి అది ఏమంత గొప్పగా ఉండదు. 1908లో ట్రినిటీ నదికి పెద్ద వరద వచ్చాక నదిని పక్కకి మళ్లించి కరకట్టలు కట్టారు. ఆ కట్టల మధ్య నేల వరద కోసం ఖాళీగా వదిలేశారు. పడమటి కట్ట మీద ట్రినిటీ ఓవర్‌లుక్ అనే చిన్న చోటు ఉంది. సాయంత్రం అక్కడ నిలబడితే ఎండ మీ వెనకనుంచి అద్దాల మీద పడుతుంది, ఒకవైపు రీయూనియన్ టవర్ బంతి, చీకటి పడ్డాక 921 అడుగుల బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్లాజా అంచుల వెంట ఆకుపచ్చ దీపాలు. అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారం, జెట్‌లాగ్ తీరేలోపు ఇది చూపించవచ్చు, పెట్రోలు ఖర్చే.

పిట్స్‌బర్గ్‌కి మళ్లీ వెళ్తే ఒక్కటి పాటించండి. గుడి ఊరికి తూర్పున ఉంది. అటునుంచి డౌన్‌టౌన్‌కి వస్తే స్క్విరల్ హిల్ సొరంగం తగులుతుంది, అది దాటినా ఊరు ఒక్కసారిగా కనిపించదు. మీరు మొదటిసారి చూసింది పడమటి వైపు ఫోర్ట్ పిట్ సొరంగం నుంచి. కొండ లోపల చీకట్లో వచ్చి వచ్చి, బయటపడగానే వంతెన, నదులు, ఊరు ఒకేసారి. కాబట్టి సాయంత్రం దిగే విమానం చూసుకోండి. ముందు హోటల్ డౌన్‌టౌన్‌లో తీసుకుని, గుడి మర్నాడు ఉదయానికి పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, సొరంగం దాటేదాకా ఏమీ చెప్పకండి.